గేటు సరిగ్గా వేయండి

మా భవనంలో ముసలివాళ్ళు ఒంటరిగా ఉన్నారని మొదట కనిపెట్టింది ముసలివాళ్ళు కాదు, భవన సంఘం అధ్యక్షుడు. ఏ పేపర్లో చదివాడో ఏమో, ఒక ఆదివారం మమ్మల్నందరినీ పోగుచేసి కింది హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చోబెట్టాడు. మధ్యలో, నవ్వడం తప్ప మరో విద్య రాని ఒక అమ్మాయిని నిలబెట్టాడు. ఆ అమ్మాయి మా చేతుల్లో తలో మెత్తటి బంతి పెట్టి, ఇష్టమైన రంగు పేరు చెప్పి ఎదుటివాళ్ళకి విసరమంది. అలా విసురుకుంటే స్నేహాలు పెరుగుతాయట. నేను జన్మంతా రంగు గుడ్డల మధ్య బతికిన లేడీస్ టైలర్ని. "మాసినా కనబడని రంగు" అని విసిరాను. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఏం చెప్పినా కొడుతుంది, అదే ఆమె ఉద్యోగం.

నా బంతి వెళ్ళి చివరి అంతస్తు మెకానిక్కు ఒళ్ళో పడింది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో నొక్కి చూసి, "రబ్బరు నాసిరకం" అన్నాడు. ఆ పూట ఆ హాల్లో ఎవరైనా పనికొచ్చే మాట అన్నారంటే అదొక్కటే.

నా సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. రెండో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు; దాని వెనక కథేమీ లేదు, చేసుకోలేదంతే. కుట్టుపని మానేశానని అందరికీ చెబుతాను గానీ, రెడీమేడ్ దుకాణాలొచ్చాక పనే నన్ను మానేసింది. ఊరి అవతలి చివర ఒక చెల్లెలుంది. వారం వారం ఫోన్ చేస్తుంది, స్పీకర్లో పెట్టి గిన్నెలు తోముకుంటూ. నేను నా మోకాళ్ళ గురించి చెబుతుంటే అవతల పళ్ళేలు గలగలమంటుంటాయి. "ఊఁ, చెప్పక్కా, వింటున్నా" అంటుంది. గిన్నెలు అయిపోగానే నా కష్టాలూ అయిపోతాయి. ఒకసారి వాళ్ళింట్లో బంధువులొచ్చి గిన్నెలు ఎక్కువ పడ్డాయి. ఆ వారం మేమిద్దరం చాలా ఆప్యాయంగా మాట్లాడుకున్నాం.

ఇక మా లిఫ్టు. పాతకాలపు ఇనప బోను. లోపల మడతలు పడే గేటొకటి, బయట ప్రతి అంతస్తులోనూ మరో గేటు. వీటిలో ఏదైనా వేలెడంత తెరిచి ఉంటే లిఫ్టు కదలదు. నడుస్తుండగా తెరిస్తే ఉన్నచోటే టక్కున ఆగి కూర్చుంటుంది. అందుకే లోపల "గేటు సరిగ్గా వేయండి" అని ఒక రేకు బోర్డు బిగించారు. మా భవనంలో చదువుకున్నవాళ్ళకి కొదవ లేదు గానీ, ఆ బోర్డు చదివినవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు.

లిఫ్టు ఆగినప్పుడల్లా మెకానిక్కు బయటికొచ్చేవాడు. లిఫ్టుల కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయింది. చివరి అంతస్తులో సరిగ్గా లిఫ్టుకి ఎదురు తలుపు ఆయనది. పనిముట్ల సంచితో వచ్చి, గేటు ముందు గొంతుక్కూర్చుని లోపలికి కేకేసేవాడు.

"భయపడకండి, నేనున్నా. లోపలెవరు?"

లోపలున్నవాళ్ళు ఎవరో చెప్పేవాళ్ళు. ఇంక మొదలు. అబ్బాయి పరీక్షలెలా రాశాడు, మీ అత్తగారి కంటి ఆపరేషను అయిందా, ఇవాళ వంటేం చేశారు. మెట్ల మీద ఎదురైతే ఫోన్లోంచి తల ఎత్తని మనుషులు బోనులో పడ్డాక ఏం చేస్తారు, బుద్ధిగా జవాబులు చెప్పేవాళ్ళు. నడుమ నడుమ ఆయన పానాతో కమ్మీ మీద రెండు దెబ్బలు కొట్టేవాడు, పని జరుగుతోందని నమ్మించడానికి. కబుర్లు తృప్తిగా అయ్యాక లిఫ్టు కదిలేది. పైకి రాగానే గేటు తీసి, వాళ్ళు దిగాక మళ్ళీ వేసి, పడిందో లేదోనని అరచేత్తో రెండుసార్లు తోసి చూసేవాడు. అది ఆయనకి ఉద్యోగంలో పట్టుబడిన అలవాటు. "థాంక్స్ అంకుల్" అని వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. మళ్ళీ ఇరుక్కునేదాకా ఆ అంకుల్ ఉన్నాడో పోయాడో ఎవరికీ పట్టదు.

ఒకరోజు డాబా మీద దుప్పటి ఆరేద్దామని వెళ్తూ నేనూ ఇరుక్కున్నాను. ఇంకా లిఫ్టులో గంట నొక్కనైనా లేదు, పైనుంచి గొంతు వినబడింది. "టైలరమ్మగారూ, కంగారుపడకండి." లోపలెవరని అడగలేదు. నాకప్పుడే చురుక్కుమంది. ఆయన లిఫ్టు పైకి తెచ్చి గేటు తీస్తే నేను ముఖం చూడలేదు, చెయ్యి చూశాను. నాకు మనుషుల ముఖాలు గుర్తుండవు, మణికట్లూ భుజాలూ గుర్తుంటాయి. చొక్కా కఫ్ మీద అడ్డంగా నల్లటి గ్రీజు చార, ఇంకా తడిగా ఉంది. పానా పట్టుకున్న చేతికి గ్రీజు వేళ్ళకంటాలి గానీ మణికట్టుకెందుకు అంటుతుంది? గేటు కమ్మీల సందులోంచి చెయ్యి దూర్చి, అవతలివైపు గొళ్ళెం ఎత్తితే అంటుతుంది.

అంటే లిఫ్టు చెడిపోవడం లేదు. ఈయనే ఆపుతున్నాడు. తలుపు పక్కన చెవి పెట్టుకుని కూర్చుని, లిఫ్టు వస్తున్న చప్పుడు వినగానే వచ్చి గేటు జరిపేసి, ఇరుక్కున్నవాళ్ళతో కబుర్లాడి, ఆనక తనే వేసేస్తున్నాడు. ఛీ, ఏం బతుకయ్యా ఇది అనుకున్నాను. నాలుగు మాటల కోసం మనుషుల్ని బోనులో పెట్టుకోవాలా? ఇంత దిగజారాలా? ఇంటికొచ్చాక కూడా చాలాసేపు గోడలతో అదే అన్నాను. గోడలతో మాట్లాడటంలో దిగజారుడేమీ లేదని అప్పటికి నా అభిప్రాయం.

మర్నాడు అదే వేళకి మళ్ళీ లిఫ్టెక్కాను.

డాబా మీద నాకు పనేం లేదు. బాల్కనీలో తీగ ఉంది, నా బట్టలన్నీ దానిమీదే ఆరతాయి. అందుకని ఒక తువ్వాలు తడిపి చేతికేసుకున్నాను. లిఫ్టు చివరి అంతస్తుకి కాస్త కిందుగా ఆగింది. నాకు కనబడేవి ఆయన చెప్పులు, ప్యాంటు అంచులు. అప్పట్నించీ రోజూ అంతే. నేను తల పైకెత్తి మాట్లాడేదాన్ని, ఆయన కిందికి వంగి మాట్లాడేవాడు. రోజూ అదే తువ్వాలు.

"ఆ తువ్వాలు ఇంకా ఆరలేదా టైలరమ్మగారూ?"

"మీ లిఫ్టు బాగుపడలేదా ఇంకా?"

"పాత సరుకు కదండీ. టైము పడుతుంది."

"తువ్వాలూ పాతదే."

అలా మొదలై ఎక్కడికో పోయేవి మా మాటలు. ఏ కంపెనీ తాడు మంచిదో ఆయన చెప్పేవాడు; ఏ మిల్లు గుడ్డ ఒక్క ఉతుక్కి కుంచించుకుపోతుందో నేను చెప్పేదాన్ని. భార్య ఉన్నప్పుడు ఆవిడే మాట్లాడేదట, ఈయన ఊఁ కొట్టేవాడట. ఆవిడ పోయాక తెలిసిందట, ఊఁ కొట్టాలన్నా అవతల ఒకళ్ళుండాలని. నేనేమీ ఓదార్చలేదు. ఓదార్చడం నాకు చేతకాదు. "మీ ఎడమ కాలు ప్యాంటు అంచు ఊడింది" అన్నాను.

"ఎవరు చూస్తారు లెండి."

"నేను చూస్తున్నాగా. ఇందాకట్నించీ నాకు ఇంకో దృశ్యం లేదు."

మర్నాటికి అంచు పైకి మడిచి ఉంది. కుట్టి కాదు. స్టాప్లర్ పిన్నులు కొట్టి! నాకు ఒళ్ళు మండిపోయింది. గుడ్డకి పిన్నులు కొట్టే మనిషిని ముఖం మీదే తిట్టాలనుకున్నాను, కానీ ముఖం కనబడదుగా, చెప్పుల్ని తిట్టాను. ఆయన నవ్వాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నేనూ నవ్వుతున్నాను. ఈ వయసులో ఈ వేషాలేమిటని అద్దం మీద గుడ్డ కప్పేశాను.

అంతా చెడగొట్టింది అధ్యక్షుడు. నీళ్ళ ట్యాంకు చూద్దామని ఒకరోజు సరిగ్గా నా వేళకి లిఫ్టెక్కి పైకి పోయాడు. నేను రెండో అంతస్తులో తువ్వాలు పట్టుకుని గేటు ముందు నిలబడి ఉన్నాను. లిఫ్టు నన్ను దాటిపోయింది. కాసేపటికి పైన టక్కుమంది. ఆ వెంటనే మెకానిక్కు గొంతు, ఎప్పుడూ లేనంత హుషారుగా:

"రండి రండి టైలరమ్మగారూ! ఏమంటోంది తువ్వాలు?"

లోపల్నించి అధ్యక్షుడు ఉరిమాడు. "టైలరమ్మ ఏంటయ్యా! నేను!"

ఈసారి కమ్మీ మీద దెబ్బలైనా కొట్టలేదు. లిఫ్టు మాత్రం వెంటనే కదిలింది.

ఆ ఆదివారం హాల్లో మళ్ళీ గుండ్రంగా కుర్చీలు వేశారు, ఈసారి భవనంలోని అన్ని ఇళ్ళవాళ్ళూ వచ్చారు. నవ్వుల అమ్మాయి కూడా ఉంది, బంతుల సంచితో. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"లిఫ్టులో లోపం లేదని కంపెనీవాళ్ళు చూసి చెప్పారు. ఎవరో కావాలనే ఆపుతున్నారు. నేను గంట నొక్కకముందే ఈయన పైన రెడీగా కూర్చున్నాడు. ఎలా తెలిసింది? ఇంటి ఓనరుతో మాట్లాడాను. ఈయనే అని తేలితే ఖాళీ చేయిస్తానన్నాడు."

అందరూ మెకానిక్కు వైపు తిరిగారు. ఇన్నాళ్ళూ బోనులోంచి ఆయనకి వంటల సంగతులు చెప్పిన నోళ్ళే గుసగుసలాడుకున్నాయి. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని గచ్చు వైపు చూస్తున్నాడు. ఒప్పుకునేలా ఉన్నాడు. ఒప్పుకుంటే సామాను సర్దుకోవడమే.

నాకు ఆయన మీద జాలేమీ కలగలేదు. చేసింది వెధవపనే. ఆయన పోతే తువ్వాలు ఎక్కడ ఆరేయాలన్నదే నా గొడవ. లేచి నిలబడ్డాను.

"ఆపింది నేను" అన్నాను.

"మీరా ఆంటీ?" అన్నాడు అధ్యక్షుడు.

"లిఫ్టొచ్చిందనుకుని రెండో అంతస్తులో గేటు లాగాను. రోజూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటా. లోపలుంటే లోపలి గేటు పీకుతా, బయటుంటే బయటి గేటు పీకుతా. గుర్తుండదు. ఆయన పాపం రోజూ వచ్చి నన్ను బయటికి తీస్తుంటాడు. ఇరుక్కునేది రోజూ నేనే అయినప్పుడు ఆయన నోట్లోంచి నా పేరు కాక నీ పేరొస్తుందా?"

హాలంతా ఒక్కసారిగా మెత్తబడింది. దొంగని పట్టుకోవడంలో ఉన్న సంతోషం కంటే మతిలేని ముసలిదాని మీద జాలిపడటంలో సంతోషం ఎక్కువని నాకు ఆ రోజే తెలిసింది. "అయ్యో ఆంటీ, చెప్పచ్చుగా" అన్నారు. అధ్యక్షుడు నా భుజం తట్టాడు. జీవితంలో ఎవరి భుజం కొలతా తప్పు రాయనిదాన్ని, నా భుజం! నవ్వుల అమ్మాయి వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, చెవిటిదానితో మాట్లాడినట్టు గొంతు పెంచింది.

"అమ్మమ్మా! ఇవాళ ఏం వారమో చెప్పగలరా?"

"ఆదివారం కాకపోతే మీ అందరి ముఖాలూ చూసే ఖర్మ నాకెందుకు తల్లీ?"

చప్పట్లు కొట్టింది.

మెకానిక్కు మెట్ల దగ్గర నాకోసం ఆగాడు. మొదటిసారి ఆయన ముఖం సరిగ్గా చూశాను. చెప్పులకంటే పాతగా ఉంది.

"మీరెందుకండీ అలా అన్నారు?" అన్నాడు.

"మీరు అనలేకపోయారు కాబట్టి" అన్నాను. ఇంకాస్త మంచిగా అనుండాల్సింది. కానీ నాకు ఒళ్ళంతా కోపంగా ఉంది, మతిలేనిదాన్నయ్యానని. ఆయన తల దించుకుని లిఫ్టెక్కకుండా మెట్లమీదుగానే పైకి వెళ్ళిపోయాడు.

మతిమరుపు ముసలిది ఎప్పుడో చెయ్యి ఇరికించుకుంటుందని సంఘం వాళ్ళు హడావిడిగా పాత లిఫ్టు పీకేసి కొత్తది పెట్టారు. నిగనిగలాడే స్టీలు డబ్బా. గేట్లు లేవు, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. పైగా దానికో ఆడగొంతు. అంతస్తు వచ్చినప్పుడల్లా తేనె పూసి చెబుతుంది. అందరూ ఆహా ఓహో అన్నారు. దాన్లో ఎక్కినవాళ్ళు తలుపు వైపు చూస్తూ నిలబడతారు, పక్కన మనిషున్నా చూడరు. ఎప్పుడూ ఆగదు. దరిద్రపు లిఫ్టు.

నేను తువ్వాలు పట్టుకుని వెళ్ళాను, వెళ్ళకపోలేదు. చివరి అంతస్తులో దిగితే ఎదురుగా ఆయన తలుపు, మూసి ఉంది. లోపల రేడియో చిన్నగా మోగుతోంది. తలుపు కొట్టి ఏమనాలి? ఊరికే వచ్చానంటే ఎంత నామోషీ! డాబా ఎక్కి తువ్వాలు ఆరేసి, అది పూర్తిగా ఆరేదాకా నిలబడి, మడతపెట్టుకుని దిగాను. చాలాసార్లు అంతే చేశాను. ఆ తువ్వాలంత శుభ్రంగా ఆరిన గుడ్డ లోకంలో ఉండదు.

నా ఇంటికి మాత్రం వారం వారం మనిషి రావడం మొదలైంది. ఇంకెవరు, నవ్వుల అమ్మాయే. బొమ్మల అట్టలు తెచ్చి ఒక్కొక్కటీ చూపించేది. "ఇదేంటి అమ్మమ్మా?" యాపిల్. "ఇది?" కుక్క. "వెరీ గుడ్!" ఆమె వెళ్ళాక ఇల్లు ఇంకా నిశ్శబ్దంగా ఉండేది. ఒకరోజు గిన్నె దించబోయి వేలు కాలింది, "అబ్బా" అన్నాను. ఆ రోజంతటికీ నేను పలికిన మొదటి మాట అదేనని తట్టి, స్టవ్వు ఆపేసి వంటగదిలోనే నిలబడి ఏడ్చాను. మెకానిక్కు లేకపోతే నాకు తోచడం లేదు. ఇంతకంటే నాజూగ్గా చెప్పడం నాకు రాదు.

తర్వాత ఆ అమ్మాయే, బొమ్మల మధ్యలో, నవ్వుతూ అంది. "పైనున్న తాతగారు ఇల్లు ఖాళీ చేసేస్తున్నారు అమ్మమ్మా. వృద్ధాశ్రమంలో చేరతారంట. బాగుంటుంది అక్కడ, తోడుంటుంది."

"ఎప్పుడు?"

"మాటలు అయిపోయాయంట. ఈ వారంలోనే. ఇది చెప్పండి, ఇదేంటి?"

"గొడుగు" అన్నాను. "ఇంక వెళ్ళమ్మా, నాకు పనుంది."

ఆమె వెళ్ళగానే కుట్టు మిషను మీద కప్పిన గుడ్డ తీశాను. అది నా చేతుల్లో ఒక్కనాడూ మొరాయించని మిషను. దారం బిగువు సరిచేసే మర పూర్తిగా విప్పి, లోపలి స్ప్రింగును తిప్పి పెట్టి, మళ్ళీ మూసేశాను. దారం వేసి తిప్పితే కింద అంతా ఉండ చుట్టుకుపోయింది. తృప్తిగా ఉంది. ఆ దిక్కుమాలిన స్టీలు డబ్బా ఎక్కకుండా, ప్రతి మలుపులో మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లెక్కి వెళ్ళి ఆయన తలుపు కొట్టాను.

తలుపు తీశాడు. వెనక అట్టపెట్టెలు కనబడ్డాయి, కొన్ని కట్టేసి, కొన్ని ఇంకా ఖాళీగా.

"మిషను చెడిపోయింది" అన్నాను ఎగశ్వాసతో.

"నేను లిఫ్టుల మనిషినండి."

"ఇనుమే కదా రెండూ."

పనిముట్ల సంచి తీసుకుని నా వెనకే దిగాడు. మిషను ముందు స్టూలు మీద కూర్చుని చక్రం తిప్పాడు, ఉండ చుట్టుకున్న దారం చూశాడు, మర విప్పాడు. స్ప్రింగు బయటికి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. అది దానంతటది అలా తిరగబడదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని నాకూ తెలుసు. అప్పుడు ఆయన చూపు మెల్లగా నా చేతి మీదికొచ్చింది. నా జాకెట్టు చేతి అంచుకి మిషను నూనె మరక, ఇంకా తడిగా ఉంది.

నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను. ముసలితనంలో సిగ్గుపడటమంత అసహ్యమైన పని ఇంకోటి లేదు.

ఆయన నవ్వలేదు. స్ప్రింగుని జాగ్రత్తగా మిషను బల్ల మీద పెట్టాడు. ఆ పక్కన మరని పెట్టాడు. తర్వాత చెడిపోనివి కూడా ఒక్కొక్కటే విప్పి వరసగా పేర్చడం మొదలుపెట్టాడు.

"పెద్ద రిపేరేనండి ఇది" అన్నాడు. "ఒక్క రోజులో తేలేది కాదు."

"నేనూ అదే అనుకున్నా."

"రేపు రావాలి. ఎల్లుండి కూడానేమో."

"ఆ అట్టపెట్టెలు?"

కాసేపు పానా తుడుచుకున్నాడు. "అవి ఎక్కడికి పోతాయండి" అన్నాడు.

టీ పెట్టాను. తాగుతున్నంతసేపూ, స్ప్రింగుల్లో ఇప్పటి ఉక్కు ఎంత నాసిరకమో చెప్పాడు. పనికిరాని కబురు. చివరిదాకా విన్నాను. లేచి నిలబడితే ఎడమ కాలు దగ్గర పిన్నులు తళుక్కుమన్నాయి, అవే పిన్నులు, ఒకటి తుప్పు కూడా పట్టింది.

"రేపు ఇంకో ప్యాంటు వేసుకుని, అది పట్టుకురండి" అన్నాను. "చేత్తో కుడతాను. మిషను ఎలాగూ లేదుగా."

సరేనని తలూపి గుమ్మం దాటాడు. అలవాటు కొద్దీ తలుపు దగ్గరికి లాగి, పడిందో లేదోనని అరచేత్తో తోసి చూడబోయాడు.

"వేయకండి" అన్నాను. "తీసే ఉంచండి, గాలాడట్లేదు."

ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి.